లీగల్ టెక్నాలజీ లైన్‌లో పాతికేళ్లు నిలబడటం ఎలా? నెల్లూరు కోర్టు పనిలో నేర్చుకున్న పద్ధతి

"అన్నా, లా అయిపోయింది, కంప్యూటర్ కొంచెం వచ్చు. లీగల్ టెక్ అంటున్నారే, అందులోకి రావాలంటే ఏ కోర్సు చేయాలి?" నెల్లూరు నుంచి, కావలి నుంచి, ఒంగోలు నుంచి, ఈ మధ్య కనిగిరి నుంచి కూడా ఇదే ప్రశ్న. వకీళ్ల దగ్గర గుమాస్తాలుగా చేసేవాళ్లు ఇంకోటి అడుగుతున్నారు: "ఏఐ వచ్చేసింది కదా, ఇప్పుడు నేర్చుకుని ఏం లాభం?" లీగల్ టెక్ అంటే కోర్టు పనిని, వకీలు పనిని కంప్యూటర్‌తో చేసే లైను. ఇద్దరికీ చెప్పాల్సింది దాదాపు ఒకటే కాబట్టి వివరంగా రాస్తున్నాను.

నేను ఒక సీనియర్ వకీలు ఆఫీసులో టైపిస్టుగా మొదలై, తర్వాత లా చదివి, ఇప్పుడు కొన్ని ఆఫీసులకు ఈ-ఫైలింగ్ (కేసు కాగితాలను ఆన్‌లైన్‌లో దాఖలు చేయడం), కేసుల రికార్డు, ఎలక్ట్రానిక్ సాక్ష్యాల పని చూస్తున్నాను. నేను చేరిన కొత్తలో అను అనే పాత తెలుగు ఫాంట్లలో ప్లెయింట్ (దావా కాగితం) కొట్టి ప్రింటు తీసిస్తే పని అయిపోయేది. తర్వాత ఈ-కోర్టులు వచ్చాయి, ఆన్‌లైన్ కాజ్ లిస్ట్ (ఆ రోజు విచారణకు వచ్చే కేసుల జాబితా) వచ్చింది, ఈ-ఫైలింగ్ వచ్చింది, ఇప్పుడు ఏఐ. ప్రతిసారీ కొందరు మంచి పనివాళ్లు "మనకెందుకులే" అనుకుని పక్కకు జరిగారు. నిలబడ్డవాళ్లలో పెద్ద డిగ్రీలున్నవాళ్లు తక్కువ. తమ చేతిలో ఉన్న కేసు కట్టకు అవసరమైన కొత్త పని ఏదో, దాన్ని అప్పుడే నేర్చుకున్నవాళ్లు ఎక్కువ. కింద చెప్పే పద్ధతి కూడా అదే.

కావలసినవి

- మామూలు ల్యాప్‌టాప్. 8 జీబీ ర్యామ్ ఉంటే చాలు.
- ఫోన్‌లో ఈ-కోర్ట్స్ సర్వీసెస్ యాప్. ఉచితం.
- ఎక్సెల్ గానీ, ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్ గానీ.
- వాడుకోవడానికి ఒక స్కానర్. సొంతం కానక్కర్లేదు.
- ఒక లాంగ్ నోట్‌బుక్. ఇది మాత్రం తప్పనిసరి.
- రోజుకు 40 నిమిషాలు. కోర్టు 10.30కి కాబట్టి నేను ఉదయం 8 నుంచి 8.40 దాకా పెట్టుకున్నాను. సాయంత్రం క్లయింట్లు వస్తారు, కుదరదు.

కోడింగ్ రావాలా అని అడుగుతారు. మొదటి రెండేళ్లు అక్కర్లేదు. స్ప్రెడ్‌షీట్ రావాలి.

1. ఒక్క కేసును చివరి దాకా చదవండి

మీ ఆఫీసులో ముగిసిపోయిన సివిల్ కట్ట ఒకటి తీసుకోండి. ప్లెయింట్ నుంచి డిక్రీ (తీర్పు ప్రకారం కోర్టు ఇచ్చే ఉత్తర్వు) దాకా ప్రతి కాగితం ఏ తేదీన, ఎవరు, ఎందుకు వేశారో నోట్‌బుక్‌లో రాయండి. అదే కేసును యాప్‌లో సీఎన్ఆర్ నంబరుతో (ప్రతి కేసుకూ విడిగా ఉండే గుర్తింపు నంబరు) తెరిచి పక్కన పెట్టి చూడండి. సీఎన్ఆర్‌లో 16 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటి నాలుగు అక్షరాలు రాష్ట్రం, జిల్లా. తర్వాత రెండంకెలు కోర్టు. ఆపైన ఆరంకెల సంఖ్య, చివర సంవత్సరం.

ఎక్కువమంది చేసే తప్పులు రెండు. సున్నా కొట్టాల్సిన చోట ఇంగ్లీషు ఓ అక్షరం కొట్టి "కేసు లేదంట" అనుకోవడం ఒకటి. జిల్లా పేరుతో వెతికేటప్పుడు రెవెన్యూ జిల్లాను పట్టుకోవడం రెండోది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరులోకి వచ్చింది కదా. రెవెన్యూ పటంలో గీత మారినంత మాత్రాన కోర్టు రికార్డులో జిల్లా పేరు మారిపోదు. దొరక్కపోతే ఆ కోర్టు ఏ జిల్లా కోర్టు కింద ఉందో చూసి, ఆ జిల్లాలో వెతకండి.

ఫలితం చూసుకోవడం: కట్టలో ఉండి యాప్‌లో కనపడని కాగితాలు ఏవో, ఎందుకు కనపడవో మీ సీనియర్‌కు చెప్పగలగాలి. చెప్పగలిగితే రెండో అడుగుకు వెళ్లండి.

2. తెలుగును యూనికోడ్‌లోకి మార్చుకోండి

మన దగ్గర పాత పిటిషన్లు, వీలునామాలు, అగ్రిమెంట్లు అన్నీ అను ఫాంట్లలో ఉన్నాయి. ఆ ఫాంటు లేని సిస్టంలో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. వెతికితే ఒక్క పేరూ దొరకదు. మిషను దృష్టిలో అది తెలుగే కాదు. యూనికోడ్‌లో కొడితే ఏ సిస్టంలోనైనా తెలుగు తెలుగుగానే కనిపిస్తుంది. కాబట్టి యూనికోడ్‌లో కొట్టే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకోండి. మూడు వారాలు చేతులు తడబడతాయి, తర్వాత అదే అలవాటవుతుంది. అంత ఓపిక లేకపోతే ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే ఫొనెటిక్ పద్ధతి వాడండి, లేదా గొంతుతో టైప్ చేయించి తర్వాత దిద్దుకోండి.

పాత ఫైళ్లను మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. వాటిని నమ్మి వదిలేయకండి. ఒత్తులు, ముఖ్యంగా ర వత్తు, క్షలు, పూర్ణానుస్వరాలు తారుమారవుతాయి. ఒకసారి నేను మార్చిన హద్దుల షెడ్యూలులో (ఆస్తి వివరాలు రాసే భాగం) "మ" ఉండాల్సిన చోట "వు" పడింది. ఊరి పేరే మారిపోయింది. ఫైలింగ్ సెక్షన్ వాళ్లు కాగితాలు రిటర్న్ చేసేదాకా నాకు తెలియలేదు. అప్పటినుంచి షెడ్యూలుకు మాత్రం కన్వర్టర్ వాడను, మళ్లీ కొడతాను.

ఫలితం చూసుకోవడం: మార్చిన ఫైలును ఇంకొకరి ఫోన్‌కు పంపి, అందులో పార్టీ ఇంటిపేరు వెతకమనండి. దొరికితే సరి.

3. మీ ఆఫీసుకు పనికొచ్చే ఒక చిన్న పట్టిక తయారు చేయండి

ఇక్కడ తొందరపడకండి. ఈ ఒక్క అడుగు సరిగ్గా పడితే మిగతా టెక్నాలజీ అంతా ఎలా పనిచేస్తుందో అర్థమవుతుంది.

రొయ్యల మేత అప్పులు, గ్రానైట్ లావాదేవీలు, చిట్టీ పాటలు ఉన్న మన ప్రాంతంలో చెక్ బౌన్స్ కేసు లేని వకీలు ఆఫీసు ఉండదు. ఈ కేసులకు వర్తించే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ యాక్టు 138 సెక్షన్ కింద గడువులు ఇవి: బ్యాంకు నుంచి చెక్కు తిరిగొచ్చిన సమాచారం (బ్యాంకు మెమో) అందిన 30 రోజుల్లోపు నోటీసు పంపాలి. నోటీసు అందిన తర్వాత డబ్బు కట్టడానికి అవతలి మనిషికి 15 రోజులు. కట్టకపోతే ఆ తర్వాత ఒక నెలలోపు కంప్లైంట్ వేయాలి.

స్ప్రెడ్‌షీట్‌లో ఈ కాలమ్స్ పెట్టండి: కేసు పేరు, చెక్కు తేదీ, బ్యాంకు మెమో అందిన తేదీ, నోటీసుకు ఆఖరి తేదీ, నోటీసు పంపిన తేదీ, నోటీసు అందిన తేదీ, 15 రోజులు ముగిసే తేదీ, కంప్లైంట్‌కు ఆఖరి తేదీ.

ఫార్ములాలు: నోటీసుకు ఆఖరి తేదీ అంటే మెమో అందిన తేదీకి 30 కలపండి. 15 రోజుల గడువు అంటే నోటీసు అందిన తేదీకి 15 కలపండి. కంప్లైంట్ తేదీ దగ్గరే అందరూ తప్పు చేస్తారు, ఇంకో 30 కలిపేస్తారు. చట్టంలో ఉన్నది 30 రోజులు కాదు, ఒక నెల. నోటీసు అందిన తేదీకి 16 కలిపితే కేసు వేసే హక్కు పుట్టిన రోజు వస్తుంది. దానికి ఈడేట్ (EDATE) అనే ఫార్ములాతో ఒక నెల కలపండి.

సరిగ్గా వచ్చిందో లేదో చూడటానికి సుప్రీంకోర్టు తీర్పే ఉంది. 1999 నాటి సాకేత్ ఇండియా కేసులో నోటీసు 1995 సెప్టెంబర్ 29న అందింది. 15 రోజులు అక్టోబర్ 14తో ముగిశాయి. హక్కు 15న పుట్టింది. నవంబర్ 15న వేసిన కంప్లైంట్ గడువులోనే ఉందని కోర్టు చెప్పింది. మీ పట్టికలో 29-9-1995 వేసి చూడండి. నవంబర్ 15 వస్తే ఫార్ములా సరైనది. నవంబర్ 14 వచ్చిందంటే నెల బదులు 30 రోజులు కలిపారు, లేదా 16 బదులు 15 కలిపారు. రెండు తప్పులూ చేస్తే 13 వస్తుంది.

జాగ్రత్తలు:

- కంప్యూటర్‌లో తేదీ అమెరికా పద్ధతిలో ఉంటే 05-04-2024ను మే 4 అనుకుంటుంది. మనకు అది ఏప్రిల్ 5. ముందు రీజనల్ సెట్టింగ్ ఇండియాకు మార్చండి. అనుమానం తీరకపోతే 25వ తేదీలాంటిది ఒకటి వేసి చూడండి, 25వ నెల ఉండదు కాబట్టి తప్పు బయటపడుతుంది.
- "నోటీసు అందిన తేదీ" పోస్టాఫీసు ట్రాకింగ్ చూసి వేయండి. క్లయింట్ చెప్పింది వేయకండి.
- ఆఖరి తేదీ సెలవు రోజున పడితే ఏం చేయాలో సీనియర్ నిర్ణయిస్తారు. పట్టికలో ఎర్ర రంగు మాత్రం పది రోజుల ముందే వెలగాలి.
- ఫార్ములా గడులను లాక్ చేయండి. ఆఫీసులో ఎవరో ఒకరు పొరపాటున వాటిమీద తేదీ కొట్టేస్తారు.

ఇది నడిచాక మోటారు ప్రమాదాల క్లెయిములకు, అప్పీలు గడువులకు ఇలాంటివే చేయండి. ఆ తర్వాత కావాలంటే పైథాన్ అనే కోడింగ్ భాష మొదలుపెట్టండి. 200 స్కాన్ ఫైళ్లకు ఒకేసారి పేర్లు మార్చడం లాంటి పనితో మొదలుపెడితే సులువుగా పట్టుబడుతుంది.

4. స్కానింగ్, ఈ-ఫైలింగ్

300 డీపీఐలో, ఏ4 సైజులో, వెతకడానికి వీలయ్యే పీడీఎఫ్‌గా చేయండి. ఫోన్ కెమెరా స్కాన్ మీ దగ్గర పెట్టుకోవడానికి పర్లేదు, దాఖలు చేయడానికి వద్దు. అంచుల్లో సర్వే నంబరు తెగిపోతుంది. పేజీ నంబర్లు, ఇండెక్స్ సరిపోలాయో చూసుకోండి. ఈ-ఫైలింగ్ వాడకం మీద సుప్రీంకోర్టు ఈ-కమిటీ వెబ్‌సైట్‌లో మాన్యువల్స్, వీడియోలు ఉచితంగా ఉన్నాయి. ముందు అవి చూడండి. డబ్బు కట్టి నేర్చుకోవాల్సిన పని ఇది కాదు.

హెచ్చరిక ఒక్కటే, గట్టిగా చెబుతున్నాను: వకీలు గారి ఓటీపీ, డిజిటల్ సంతకం టోకెన్ మీ జేబులో ఉండకూడదు. ఎంత నమ్మకమైన మనిషైనా సరే. ఫైలు సిద్ధం చేసి, ఆయన చూశాక, ఆయన చేత్తోనే సంతకం చేయించండి. రేపు తేడా వస్తే మీరే ఇరుక్కుంటారు.

ఫలితం చూసుకోవడం: నోట్‌బుక్‌లో ఒక పేజీకి "రిటర్నులు" అని పేరు పెట్టండి. రిటర్న్ అయిన ప్రతి ఫైలింగ్‌కు కారణం ఒక వాక్యంలో రాయండి. మూడు నెలలకోసారి లెక్కపెట్టండి. అదే కారణం రెండుసార్లు కనిపించిందంటే వచ్చే వారం మీ 40 నిమిషాలు దానికే.

5. ఎలక్ట్రానిక్ సాక్ష్యం

ఫోన్, కంప్యూటర్ రికార్డును సాక్ష్యంగా పెట్టడానికి సర్టిఫికెట్ అడిగే సెక్షన్ ఒకటుంది. పాత ఎవిడెన్స్ యాక్టులో 65బి అని అందరికీ తెలిసిన ఆ సెక్షన్ స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ వచ్చింది. సర్టిఫికెట్ నమూనా చట్టం షెడ్యూలులోనే ఉంది. పార్ట్ ఏ దాఖలు చేసే మనిషిది, పార్ట్ బి నిపుణుడిది. రెండింటిలో హ్యాష్ విలువ రాయాలి. ఇప్పటికీ పాత 65బి నమూనానే పేరు మార్చి పెట్టేవాళ్లు ఉన్నారు. పార్ట్ బి అనేది ఉందని కూడా చాలామంది గమనించరు.

హ్యాష్ అంటే ఫైలుకు వేలిముద్ర లాంటిది. చదివితే అర్థం కాదు, చేసి చూడండి. సెవెన్ జిప్ అనే ఉచిత ప్రోగ్రాం పెట్టుకోండి. ఒక ఫొటో మీద రైట్ క్లిక్ చేసి షా 256 (SHA-256) అనే హ్యాష్ విలువ తీయండి. 64 అక్షరాలు వస్తాయి. కాగితం మీద మొదటి ఆరు, చివరి ఆరు రాసుకోండి. ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి మళ్లీ తీయండి, అదే వస్తుంది. ఫైలు పేరు మార్చి తీయండి, అప్పుడూ అదే. ఇప్పుడు ఆ ఫొటోను వాట్సాప్‌లో మామూలు ఫొటోగా ఇంకో ఫోన్‌కు పంపి, అక్కడినుంచి తెచ్చి తీయండి. మొత్తం మారిపోతుంది, ఎందుకంటే వాట్సాప్ ఫొటోను కుదిస్తుంది. అదే డాక్యుమెంట్‌గా పంపితే మారదు. క్లయింట్ "వాట్సాప్‌లో పెట్టేశాను సార్, ఫోన్ రీసెట్ చేశాను" అంటే ఎంత నష్టమో ఈ పది నిమిషాల పరీక్షతో తెలిసిపోతుంది. కేసు ఒప్పుకున్న రోజే "ఫోన్ అలాగే ఉంచండి, ఏదీ తీసేయొద్దు" అని చెప్పడం మీ పనిలో భాగం చేసుకోండి.

6. కొత్తవాటిని ఎప్పుడు నేర్చుకోవాలి

కోర్టు క్యాలెండరునే వాడుకోండి. కోర్టు నడిచే రోజుల్లో చిన్నవి, వారానికి ఒకటి: ఒక ఫార్ములా, ఒక సర్క్యులర్, ఒక తీర్పు. శనివారం హైకోర్టు వెబ్‌సైట్‌లో కొత్త సర్క్యులర్లు చూడండి. మే నెల సెలవుల్లో పెద్దది ఒకటి. రోహిణి ఎండలకు ఎలాగూ బయట తిరగలేం కదా, ఆ నాలుగు వారాలు ఒకే విషయం మీద కూర్చోండి. దసరా, సంక్రాంతి సెలవుల్లో పాత పిటిషన్ నమూనాలు దుమ్ము దులపండి.

ఈ దుమ్ము దులపడం ఎందుకంటే, పాత నమూనాలే మనల్ని ముంచుతాయి. కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చాక నెలరోజులు నేను చేసిన పని ఇదే. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సీఆర్‌పీసీలో 482 అంటే హైకోర్టులో కేసు కొట్టేయమని అడిగే పిటిషన్. దాని స్థానంలో వచ్చిన కొత్త బీఎన్ఎస్ఎస్‌లో 482 అంటే ముందస్తు బెయిలు, కొట్టేయమని అడిగేది 528. పాత 125 భరణం ఇప్పుడు 144. పాత 144 నిషేధాజ్ఞలు ఇప్పుడు 163. చట్టం పేరు ఒక్కటే ఫైండ్ రీప్లేస్ కొట్టి, నంబరు వదిలేస్తే పిటిషన్ అర్థమే మారిపోతుంది. ఒక్కో నమూనా తెరిచి, చట్టాలన్నీ పెట్టే ప్రభుత్వ ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లో సెక్షన్ చదివి, చేత్తో మార్చాలి. నమూనా పైన "సరిచూసిన తేదీ" అని వేయండి. ఏడాది దాటిన నమూనాను చూడకుండా వాడకండి.

7. ఏఐని ఎలా వాడాలి

వాడండి. తేదీల వరుస వేయడానికి, ఇంగ్లీషు ముసాయిదాను సరళం చేయడానికి, 80 పేజీల డిపోజిషన్‌లో (సాక్షి వాంగ్మూలం) ఏది ఎక్కడుందో వెతకడానికి బాగా పనికొస్తుంది. కానీ తీర్పుల పేర్లు అడిగితే లేని తీర్పును ఉన్నట్టే చెబుతుంది. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన లేని తీర్పులు దాఖలు చేసి 5,000 డాలర్ల జరిమానా కట్టారు. 2025 జులైలో కేరళ హైకోర్టు జిల్లా కోర్టులకు ఒక విధానమే ప్రకటించింది, తీర్పు చెప్పడానికి ఏఐ వాడకూడదని.

మీ నియమం ఇలా ఉండాలి: ఏఐ చెప్పిన సుప్రీంకోర్టు తీర్పును ఈ-ఎస్‌సీఆర్‌లో, అంటే సుప్రీంకోర్టు తీర్పుల వెబ్‌సైట్‌లో, తెరవండి. 2023 జనవరి నుంచి అందరికీ ఉచితం. తెరుచుకోకపోతే ఆ తీర్పు లేదనే లెక్క. తెరుచుకుంటే ఆ పేరా చదవండి. తీర్పు నిజమే అయి, అందులో ఆ మాట లేకపోవడం ఇంకా ప్రమాదం. ఇంకో మాట: క్లయింట్ పేరు, ఆధార్ నంబరు, సంసార గొడవలు ఉచిత చాట్‌లో పెట్టకండి. పేరు బదులు "వాది", ఊరు బదులు "గ్రామం" అని రాసి అడగండి.

8. రెండేళ్ల తర్వాత ఒక కొమ్మ పట్టుకోండి

అన్నీ కొంచెం కొంచెం వచ్చాక ఒకదానిలో లోతుకు వెళ్లాలి. ఎలక్ట్రానిక్ సాక్ష్యం అయితే హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీలో దూరవిద్య సైబర్ లా డిప్లొమా ఉంది. ఇగ్నోలో సర్టిఫికెట్ కోర్సు ఉంది. కాంట్రాక్టుల పరిశీలన అయితే ఉద్యోగాలు చెన్నై, హైదరాబాద్, బెంగళూరు కంపెనీల్లో. రికార్డుల డిజిటలైజేషన్ అయితే 2023 సెప్టెంబర్‌లో ఆమోదించిన ఈ-కోర్టుల మూడో దశకు రూ.7,210 కోట్లు కేటాయించారు. పాత రికార్డులను స్కాన్ చేయడం అందులో పెద్ద భాగం.

ఇక్కడే ఉండాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఆస్తి పత్రాల పరిశీలన. కారణం చెబుతాను. బయట తయారైన సాఫ్ట్‌వేర్‌లో విస్తీర్ణానికి గజాలు, ఎకరాలు ఉంటాయి. మన నెల్లూరు పత్రంలో ఉండేది అంకణాలు. ఇక్కడ అంకణం అంటే 72 చదరపు అడుగులు, 8 గజాలు. 36 అడుగుల లెక్క నడిచే చోట్లు కూడా ఉన్నాయి. పాత దస్తావేజులో "య. 2-50 సెం." అని ఉంటే ఆ "య" యకరం అని మిషన్‌కు తెలియదు. స్కాన్‌లోని అక్షరాలు చదివే ఓసీఆర్ ప్రోగ్రాం దాన్ని ఏదో చేసేస్తుంది. ఒకే మనిషి ఒక పత్రంలో వెంకటేశ్వర్లు, ఇంకో దాంట్లో వెంకటేశ్వరరావు. ఈసీలో (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) ఒక పేరుతో వెతికి "ఏమీ లేదు" అని రాసిచ్చి ఇబ్బంది పడ్డవాళ్లు నాకు తెలుసు. పట్టిక చేసేటప్పుడు పత్రంలో ఉన్నది ఉన్నట్టు ఒక కాలమ్‌లో, మార్చిన లెక్క పక్క కాలమ్‌లో పెట్టండి. ఈ పని తెలిసిన మనిషి కోసం బ్యాంకుల ప్యానెల్ లాయర్లు వెతుక్కుంటున్నారు, సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లకూ కావాలి.

ఒక్కరే నేర్చుకోవడం కష్టంగా ఉంటే ఇంజినీరింగ్ చదివిన స్నేహితుడినో చెల్లెలినో జత కలుపుకోండి. మన ఊళ్లలో వాళ్లకు కొదవ లేదు. వారానికి గంట వాళ్లు మీకు ఫార్ములాలు చెబుతారు, మీరు వాళ్లకు కోర్టు చెబుతారు.

9. మీ పనిని చూపించేటప్పుడు

ఉద్యోగానికో కొత్త ఆఫీసుకో వెళ్లేటప్పుడు సర్టిఫికెట్ల కంటే మూడు నమూనాలు ఎక్కువ పనిచేస్తాయి: గడువుల పట్టిక, ఒక కేసు తేదీల వరుస, ఒక టైటిల్ (ఆస్తి హక్కు) పరిశీలన పట్టిక. అయితే వాటిలో క్లయింట్ల వివరాలు ఉండకూడదు. అందరూ చేసే తప్పు, పీడీఎఫ్‌లో పేరు మీద నల్ల డబ్బా గీసి పంపడం. కంటికి నల్లగానే ఉంటుంది, కింద అక్షరాలు అలాగే ఉంటాయి. అసలు ఫైలులోనే పేర్లు మార్చి కొత్తగా పీడీఎఫ్ చేయండి. స్కాన్ కాగితమైతే ప్రింటు మీద కొట్టేసి, మళ్లీ స్కాన్ చేయండి. వెలుతురుకు పట్టి చూస్తే అక్షరం కనపడకూడదు.

పంపేముందు పీడీఎఫ్ తెరిచి, అంతా సెలెక్ట్ చేసి, కాపీ కొట్టి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. అందులో ఒక్క క్లయింట్ పేరు కనిపించినా ఆ ఫైలు పంపకండి.